వాడు చిన్నాన్న కాదు, తొమ్మిదేళ్ల పిల్లాడు

తిరుపతి నుంచి ఒక తల్లి పొడుగాటి ఉత్తరం రాశారు. అవసరమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

"నాకు 37 ఏళ్లు. కొర్లగుంట వైపు రెండు గదుల అద్దె ఇల్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయనకు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ. పాప ఎనిమిదో తరగతి, నాలాగే నెమ్మది. బాబు నాలుగో తరగతి. వాడు కళ్లు తెరిచిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంటాడు. పాలాయన, కరెంటు రీడింగు తీసే అతను, ఎవరైనా సరే వాడికి చుట్టమే. నా దగ్గరికి కస్టమర్లు వస్తే నాకంటే ముందు వాడే కూర్చోబెట్టి నీళ్లిస్తాడు. నా మిషను చప్పుడు కంటే వాడి గొంతే పెద్దది. సాయంత్రానికి నాకు తల పగిలిపోతుంది. 'గమ్మునుండరా' అని రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. టీచరమ్మ మాత్రం 'మాటలెక్కువ, కానీ ఇచ్చిన పని పూర్తి చేస్తాడు' అంటుంది. మా అత్త 'వీడు అచ్చం వాళ్ల చిన్నాన్నే' అంటుంది. ఆ చిన్నాన్న మా ఆయన చేత ష్యూరిటీ సంతకం పెట్టించి, చీటీ పాడుకుని, కట్టకుండా ఊరు విడిచి పోయాడు. నా నాలుగు సవర్ల గొలుసు అందులో పోయింది. పోయిన గంగజాతరలో బాబు బండ వేషం వేసుకుని, వీధిలో పెద్దవాళ్లను బూతులు తిడుతుంటే చూడలేకపోయాను. అందరూ నవ్వుతున్నారు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కొళాయి కింద నిలబెట్టి కడిగేశాను. 'ఈరోజు తిట్టొచ్చంట కదమ్మా' అని ఏడ్చాడు. ఎడమ చెవి వెనక కుంకుమ రెండు రోజులు పోలేదు. తర్వాత వాడు వేషం ఊసే ఎత్తలేదు. పాప మీద ఉన్న ప్రేమ వీడి మీద లేదేమో అని భయంగా ఉంది. లోపం నాలోనా, వాడిలోనా? డాక్టరుకు చూపించాలా?"

అమ్మా,

డాక్టరు సంగతి ముందు తేల్చేద్దాం. ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి నిలవకపోవడం, అతి చురుకు ఉండే సమస్య, ఈ పేరు ఈమధ్య అందరి నోటా వినిపిస్తోంది. అది ఉందని చెప్పాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపు మొదలై ఉండాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపించాలి, చదువుకో స్నేహాలకో నిజంగా అడ్డుపడుతుండాలి. మీవాడు ఇచ్చిన పని పూర్తి చేస్తున్నాడని టీచరే చెబుతున్నారు. ఉత్తరం చదివి రోగం ఉందనో లేదనో చెప్పడం నా పని కాదు. కానీ మీరు రాసినదాంట్లో పరుగెత్తాల్సినంత కంగారు నాకు కనిపించలేదు. అనుమానం పీకుతూనే ఉంటే రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఒకసారి చూపించి మనసు కుదుటపరచుకోండి. వాడి ముందు మాత్రం "నీకేదో ఉంది, పద" అని తీసుకెళ్లకండి.

ఇక ప్రేమ మాట. ఎడమ చెవి అని రాశారు మీరు. రెండు రోజులు అని కూడా రాశారు. అంటే ఆ రెండు రోజులూ వాడి చెవి వెనక చూస్తూనే ఉన్నారన్నమాట. ప్రేమ లేకపోతే ఆ లెక్క మీకెందుకు? మీకు లేనిది ప్రేమ కాదు, ఓపిక. అది సాయంత్రానికల్లా అయిపోతోంది. ఎందుకు అయిపోతోందో చూద్దాం.

1956లో న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్లు, ఇద్దరూ భార్యాభర్తలే, కొంతమంది పసిపిల్లలను ఎంచుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా ఏళ్ల తరబడి గమనించారు. పిల్లల పెంపకంలో ఏ చిన్న తేడా వచ్చినా తల్లినే తప్పుపట్టే రోజులవి. వాళ్లు పిల్లల తీరును తొమ్మిది కొలతలతో చూశారు. ఎంత చురుకు, ఆకలీ నిద్రా వేళకు వస్తాయా, కొత్తవాళ్ల దగ్గరికి వెళతాడా వెనక్కి తగ్గుతాడా, సంతోషమైనా కోపమైనా ఎంత గట్టిగా బయటపెడతాడు, చప్పుడూ వెలుతురూ ఎంత ఉంటే ఇబ్బంది పడతాడు, ఇలాంటివి. నూటికి 40 మందిదాకా పెంచడానికి తేలికైన పిల్లలు. 10 మంది కష్టమైనవాళ్లు. 15 మంది మెల్లగా కలిసేవాళ్లు. మిగతా 35 మంది ఏ గంపలోనూ పట్టలేదు. ఆ చివరి అంకె నాకు భలే ఇష్టం.

వాళ్లు చెప్పిన అసలు మాట వేరే. బిడ్డ తీరు మంచిదా చెడ్డదా అని కాదు, ఆ తీరుకూ ఇంటి తీరుకూ పొసిగిందా లేదా అన్నదే ముఖ్యం అన్నారు. మనకు ఇది కొత్త మాటేం కాదు. అత్తాకోడళ్లకు పొసగలేదంటాం, తోడికోడళ్లకు పొసగలేదంటాం. అక్కడ ఇద్దరూ మంచివాళ్లే అయ్యుండొచ్చని కూడా ఒప్పుకుంటాం. తల్లీబిడ్డల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనడానికి నోరు రాదు. మీకు చప్పుడు తొందరగా తలకెక్కుతుంది, వాడు ఏదైనా గట్టిగా బయటపెడతాడు. రెండూ చాలావరకు పుట్టుకతో వచ్చినవే. ఆ ఇద్దరినీ రెండు గదుల ఇంట్లో పెట్టారు, అంతే. లోపం నాలోనా వాడిలోనా అని అడిగారు కదా. ఇద్దరిలోనూ లేదు.

మీకు ఇంకో తోడు కూడా ఉంది, మన సమాజం. మన దగ్గర "నెమ్మదైన పిల్ల" అంటే పొగడ్త. చిన్నప్పుడు మిమ్మల్ని అలా పొగిడే ఉంటారు. ఇప్పుడు పాపను పొగుడుతున్నారు. వాడి గలాటాను ఎవరైనా ఎప్పుడైనా పొగిడారా? నా విషయంలో ఇది తలకిందులు. మాట్లాడటమే నా బతుకుతెరువు, మా అమ్మాయి ఒక్క మాటతో జవాబిచ్చే రకం. అంగట్లో, పెళ్లిళ్లలో, దాన్ని ఎవరేం అడిగినా నేనే జవాబు చెప్పేదాన్ని. పదిహేనేళ్లొచ్చాక ఒకరోజు అంది, "నా మాటలు కూడా నువ్వే వాడేశావమ్మా" అని. సలహాలు చెప్పేవాళ్ల ఇళ్లలో కూడా ఇవన్నీ ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం వాగుడు కాదు, మీ మరిది. బాబు కరెంటు రీడింగు అతనితో నవ్వుతూ మాట్లాడుతుంటే మీకు ఎవరు కనిపిస్తున్నారో ఒక్కసారి నిజాయతీగా చూసుకోండి. మరిది కూడా అలాగే నవ్వుతూ మాట్లాడే మనిషే అయ్యుంటాడు. అలా మాట్లాడే సంతకం పెట్టించుకుని ఉంటాడు. అందుకే బాబు నోరు తెరిస్తే మీ చెయ్యి మెడలో లేని గొలుసు మీదికి పోతోంది. మీ బాధ చిన్నదని నేను అనను. నాలుగు సవర్లంటే ఈ రోజుల్లో మాటలా! కానీ మరిది చేసిన తప్పు ఎక్కువ మాట్లాడటం కాదు, తీసుకున్న డబ్బు కట్టకపోవడం. నోరు మెదపకుండా చీటీలు ఎగ్గొట్టినవాళ్లను నేను ఎంతమందిని చూశానో. వాగుడుకూ మోసానికీ చుట్టరికం లేదు.

అత్తగారి మాట ఆపాలి. ఆమెతో తగువు వద్దు. ఆమెకు అతను కొడుకు, బహుశా మనవడిలో కొడుకును చూసుకుని ముచ్చటపడుతూ అంటోందేమో కూడా. వాడు లేనప్పుడు, "అత్తా, ఆ పోలిక వాడి ముందు తేవద్దు, వాడికి అన్నీ అర్థమవుతాయి" అని ఒక్కసారి చెప్పండి. ఆ చిన్నాన్న పేరెత్తితే ఇంట్లో అందరి మొహాలూ ఎలా మారతాయో తొమ్మిదేళ్లవాడికి తెలియదనుకుంటున్నారా? ఆ మొహాలు చూసి, నేను అలాంటివాణ్ణి అన్నమాట అనుకుంటాడు.

ఇప్పుడు జాతర. మీరు నెమ్మదస్తులు కాబట్టి బూతులు వినలేకపోయారు, అర్థమైంది. కానీ బండ వేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని ఎదురొచ్చినవాళ్లను తిట్టడం మన ఊరి మొక్కు. తిట్లు తిన్నవాళ్లు కోపగించుకోరు. ఏడాదంతా "గమ్మునుండు" అనిపించుకునే పిల్లాడికి, ఊరు ఊరంతా కలిసి "గట్టిగా అరువు నాయనా" అన్న రోజది. వాడు తప్పు చేస్తూ దొరకలేదు, తన జీవితంలోకెల్లా బాగా చేస్తున్న పని చేస్తూ దొరికాడు. అయినా కొండ మీద అన్న కదలడు మెదలడు, కింద గంగమ్మ చెల్లెలు కళ్లెర్రజేసి వీధుల్లో తిరుగుతుంది. ఏటా జాతరకు తిరుమల నుంచి సారె మాత్రం తప్పకుండా వస్తుంది. "కాస్త గమ్ముగా ఉండు తల్లీ" అని ఆయన ఎప్పుడూ కబురు పంపినట్టు లేదు.

దానికి మీరు వాడికి సారీ చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్ద ఉపన్యాసం వద్దు, వాడు బిత్తరపోతాడు. తల తుడుస్తున్నప్పుడో, అన్నం పెడుతున్నప్పుడో, "ఆరోజు అందరి ముందు లాక్కొచ్చినాను, తప్పు నాదే నాయనా" అనండి. అక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టారో, చెప్పిన సారీ కాస్తా తిట్టయిపోతుంది.

బడి నుంచి వచ్చే వేళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీ తలనొప్పి అక్కడే పుడుతోంది. వాడు బ్యాగు పడేసి "అమ్మా ఏమైందో తెలుసా" అంటాడు. మీరు తల ఎత్తకుండా "ఊఁ" అంటారు, సూది కింద గుడ్డ ఉంది మరి. వాడు, వినపడలేదేమో అని గొంతు పెంచుతాడు. మీరు ఇంకా ముడుచుకుంటారు. వాడు మిషను దగ్గరికొస్తాడు. "గమ్మునుండరా!" రేపటి నుంచి వాడు వచ్చే ముందే కుడుతున్నది పక్కన పెట్టేయండి. కాలు పెడలు మీద ఉండకూడదు. గిన్నెలో బొరుగులు పోసుకుని 15 నిమిషాలు వాడి మొహం చూస్తూ వినండి. సలహాలు వద్దు, హోంవర్కు ఊసు వద్దు. తర్వాత గడియారం చూపించి, "పెద్ద ముల్లు ఇక్కడికొచ్చేదాకా అమ్మ చెవులకు రెస్టు" అనండి. మొదటి వారం పది నిమిషాలు చాలు. మూడో నిమిషానికే వస్తాడు, తిట్టకండి, ముల్లు చూపించండి. ఆ రెస్టు మీకు కావాలి కాబట్టి తీసుకుంటున్నారు, వాడికి శిక్షగా కాదు. ఆ తేడా మీ గొంతులో వాడికి తెలియాలి.

కస్టమర్లను కూర్చోబెట్టి నీళ్లిస్తాడని ఫిర్యాదులా రాశారు. నాకైతే అది మీ కొట్టుకు వచ్చిన అదృష్టంలా ఉంది. కొలతలు తీసుకునేటప్పుడు ఆ కబుర్లేవో వాడినే చెప్పనివ్వండి. బాకీలు వసూలు చేయడానికి మాత్రం పంపకండి, అది మీరే అడగాలి. మీ ఆయనకు సెలవు రోజు వస్తే తండ్రీకొడుకులను అలిపిరి మెట్లెక్కించండి. 3,550 మెట్లు. ఎంత వాగుడుకాయైనా మోకాళ్ల మిట్ట దగ్గర కాసేపు ఊరుకుంటాడు. మీకు ఒక పూటంతా ఇల్లు నిశ్శబ్దంగా దొరుకుతుంది.

ఆ పూట పాపతో గడపాలనిపిస్తుంది మీకు, గడపండి. కానీ మీరిద్దరూ ఒకరినొకరు చూసుకుని వాడి మీద కళ్లతో నవ్వుకునే అలవాటేదైనా ఉంటే అది ఇక చాలు. ఇలాంటి ఇళ్లలో అది దాదాపు ఉంటుంది.

తలనొప్పి దాటి, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోన్ చేయండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు అది, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా ఒక చిన్న పని. మీ దగ్గర పాత గుండీలు ఉంటాయి కదా. మిషను పక్కన ఖాళీ డబ్బా ఒకటి పెట్టి, "గమ్మునుండు" అన్న ప్రతిసారీ ఒక గుండీ అందులో వేయండి. ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్కపెట్టుకోండి. వాడికి చూపించొద్దు, అత్తగారికి అసలే వద్దు. నాలుగు ఆదివారాల లెక్క నాకు రాసి పంపండి. జాతరకు ముందే రాస్తే మరీ మంచిది, వేషం సంగతి వాడిని ఎలా అడగాలో అప్పుడు మాట్లాడుకుందాం.