సైన్సు సందేహాలు: మే 9న నీడ ఎటు పోతుంది?

ప్రశ్న: మే 9న హైదరాబాద్‌లో నీడ మాయమవుతుందని విని, సరిగ్గా 12 గంటలకు డాబా మీద వాటర్ బాటిల్ నిలబెట్టాను. నీడ పడుతూనే ఉంది. ఎందుకని?
– ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రోజు సరైనదే, తేడా వచ్చింది టైములో. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తికి 16 నిమిషాలు ఆలస్యంగా రావాలి. కానీ భూమి అక్షం వాలి ఉండటం, కక్ష్య కాస్త కోలగా ఉండటం వల్ల మే మొదట్లో సూర్యుడు గడియారం కంటే మూడున్నర నిమిషాలు ముందుంటాడు. అందుకే నీడలేని క్షణం దాదాపు 12:12. ఆగస్టు 3న మళ్లీ వస్తుంది. అప్పుడు సూర్యుడు ఆరు నిమిషాలు వెనకబడి ఉంటాడు కాబట్టి 12:22 దాటుతుంది. మీరు చూసిన 12 గంటలకు 20 సెంటీమీటర్ల బాటిల్‌కు సెంటీమీటరు నీడ పడటం సహజమే.

ఈసారి బాటిల్ వద్దు. మెడ సన్నంగా ఉన్న వస్తువు తన నీడను తన భుజాల మీదే దాచుకుంటుంది. మూతి వెడల్పుగా ఉండే స్టీలు గ్లాసుకైతే సరైన క్షణంలోనూ అడుగు చుట్టూ నీడ ఉంటుంది. 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్క తీసుకోండి. కోత వంకరగా ఉంటే పైపు వాలుతుంది, మూలమట్టం పెట్టి సరిచూడండి. ఎక్కువమంది మరిచిపోయేది స్లాబు వాటం. వాన నీరు పోవడానికి డాబాకు వాలు ఇస్తారు. పైపు ఒక్క డిగ్రీ వాలినా 5 మిల్లీమీటర్ల నీడ వస్తుంది. కాబట్టి చెక్క పలక వేసి, కింద అట్టముక్కలు దోపి, రసమట్టంతో రెండు దిక్కులా చూశాకే పైపు నిలబెట్టండి. పలక మీద తెల్ల కాగితం పరిచి, 12:04 నుంచి రెండేసి నిమిషాలకు నీడ కొసను పెన్సిల్‌తో గుర్తించండి. పడమర నుంచి తూర్పుకు నీడ దాటడం కాగితం మీదే కనిపిస్తుంది, అసలు ఆనందం అదే. ఆ రోజు మబ్బు పడితే 8న గానీ 10న గానీ చేయండి, తేడా మిల్లీమీటరున్నర. తలెత్తి సూర్యుణ్ని మాత్రం చూడొద్దు.

ప్రశ్న: 2032లో భూమిని గ్రహశకలం ఢీకొనే అవకాశం 1 శాతం అన్నారు, 3 శాతానికి పెంచారు, వారంలో ఏమీ లేదన్నారు. లెక్క తప్పారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తప్పలేదు, లెక్క సాగే తీరే అది. దాదాపు 60 మీటర్ల ఆ శకలం 2024 వైఆర్4. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు పట్టుకుంది. కొద్ది వారాల పరిశీలనతో 2032 డిసెంబర్ 22న అది ఎక్కడుంటుందో ఒక చుక్కగా చెప్పలేం. లక్షల కిలోమీటర్ల పొడవున్న సన్నని గీతలో ఎక్కడైనా ఉండొచ్చు. 12,742 కిలోమీటర్ల భూమి ఆ గీతలో ఎంత భాగమో, ప్రమాదం సుమారుగా అంత శాతం. కొత్త కొలతలు వచ్చేకొద్దీ గీత కురచవుతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే శాతం పెరుగుతుంది. అలా 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది. ఆ తర్వాతి కొలతలతో గీత కొస భూమిని దాటి పక్కకు జరిగింది, శాతం దాదాపు సున్నాకు పడిపోయింది. 2004లో అపోఫిస్ అనే మరో గ్రహశకలం విషయంలోనూ ఇదే జరిగింది. అప్పుడు 2.7 శాతం దాకా వెళ్లింది. అది 2029 ఏప్రిల్ 13న భూమికి 32 వేల కిలోమీటర్ల ఎత్తున క్షేమంగా దాటిపోతుంది.

ప్రశ్న: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందా?
– గృహిణి, మలక్‌పేట

జవాబు: ఆ అంకెకు మూలం 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నాడాయన. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన ఫలితం వేరు: మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టిన అంచనాలు). నీళ్లు తాగడం త్వరగా కుదిరింది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి 22వ రోజు బద్ధకించినందుకు మానేయకండి. ‘టిఫిన్ తిన్న వెంటనే’ లాంటి రోజూ జరిగే పనికి దాన్ని జత చేయండి, వాళ్లు చేయించిందీ అలాగే.