వడ్డించే అమ్మాయిని మర్చిపోయావు

పర్లాకిమిడి, ఒడిశా

తమ్ముడూ,

నీ కథ రాత్రి చదివాను, పొద్దున్న మళ్లీ చదివాను. ‘ఫాసిస్టు’ అన్న మాట పద్దెనిమిది సార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. తొమ్మిదో గీత దగ్గరే కోపమొచ్చింది.

అరుగు మీద ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు నియంతని చంపెయ్యడమే న్యాయమంటాడు. రెండోవాడు వాణ్ణి నక్సలైటంటాడు. మొదటివాడు రెండోవాణ్ణి భక్తుడంటాడు. ఆరు పేజీలు తిప్పినా ఎవడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. జనం మాట్లాడే తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే. నీ కుర్రాళ్లు మాత్రం టీవీ చర్చలో కూర్చున్నట్టు మాట్లాడతారు.

నియంత హత్య గురించి రాయొద్దనను. అయితే ఇది విను. గేయార్గ్ ఎల్జర్ అని జర్మనీలో ఒక వడ్రంగి. హిట్లర్ ఏటా ఉపన్యాసం ఇచ్చే మ్యూనిక్ బీరు హాల్లో రాత్రి తలుపులు వేసేదాకా దాక్కునేవాడు. వేదిక వెనక స్తంభాన్ని ముప్పై రాత్రులకి పైగా తొలిచాడు. నేల మీద ఆనించి ఆనించి మోకాళ్లు చీము పట్టాయి. 1939 నవంబరు 8న బాంబు అనుకున్న టైముకే పేలింది. హిట్లర్ 13 నిమిషాల ముందే వెళ్లిపోయాడు. 8 మంది చచ్చిపోయారు. అందులో అక్కడ వడ్డించే ఆడమనిషి ఒకామె. నాజీలు ఎల్జర్‌ని బ్రిటిష్ వాళ్ల మనిషన్నారు. యుద్ధం అయ్యాక కొందరు అతను నాజీల మనిషేనన్నారు. ఆ మోకాళ్ల గురించి గానీ, ఆ వడ్డించే ఆమె గురించి గానీ ఈ రెండు ముద్రల్లో ఏముంది?

‘ఒక్కడు పోతే అన్నీ మారిపోతాయి’ అంటాడు నీ హీరో. 1881లో రష్యా జారు రెండో అలెగ్జాండర్‌ని బాంబు వేసి చంపారు. కొడుకు గద్దెక్కి పట్టు ఇంకా బిగించాడు. నీ రెండోవాడు ఈ మాటైనా అడగడేం?

నా మొదటి కథ గుణుపురం దారిలో టీ కొట్టాయన గురించి. అన్నలకి అన్నం పెట్టావని పోలీసులు కొట్టారు. రెండు నెలలకి అన్నలొచ్చి ఇన్ఫార్మర్‌వని బెదిరించారు. ఎవరొచ్చినా ఆయన టీ పోసింది అవే గాజు గ్లాసుల్లో. వాటిలో ఒకదానికి అంచు విరిగి ఉండేది, అది తన కోసం ఉంచుకునేవాడు. నేను ఆ గ్లాసుల గురించి రాశాను. ‘రచయిత ఏ పక్షమో తేలలేదు’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు ఒక సంపాదకుడు. ఇంకొకాయన అచ్చు వేశాడు గానీ, నాతో ఒక్క మాట చెప్పకుండా చివర ఒక నినాదం అతికించాడు. నలభై ఏళ్లయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మనం ఆంధ్రా వెళ్తే ఒడిశావాళ్లం, భువనేశ్వర్ వెళ్తే తెలుగోళ్లం. ముద్ర పడితే ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? అలాంటి నువ్వే పద్దెనిమిది సార్లు ఆ పని చేశావు.

నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. వాదన మధ్యలో, చింతపండు పిక్కలు తీస్తున్న తల్లి కత్తిపీట ఆపి కొడుకు వైపు చూసింది. అక్కడ నా పెన్సిల్ ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో నువ్వు రాయలేదు. మళ్లీ పిక్కలు తీసిందా, లేచి లోపలికి వెళ్లిందా, కొడుకుని ఏమైనా అడిగిందా? అది రాసి పంపు.

నీ
అన్నయ్య