సమాధానం: 1968 మస్టాంగ్ 390కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దొరకడం లేదు

మీ ఫోర్డ్ మస్టాంగ్ కారులోని 390 ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటి గొట్టానికి చేర్చే పోత ఇనుప భాగం) కోసం ఆరు నెలలుగా విడిభాగాల జాబితాలోని నంబరుతో వెతుకుతున్నానని రాశారు. చిక్కంతా అక్కడే ఉందండీ. ఫోర్డ్ జాబితాలో ఇచ్చేది సర్వీసు నంబరు, అంటే విడిభాగంగా అమ్మడానికి పెట్టింది. పోత ఇనుము మీద ఉండేది ఇంజనీరింగ్ నంబరు, అంటే డిజైనుకు పెట్టింది. ఈ రెండూ ఒకటి కావు. అమ్మేవాళ్లు చాలామంది ఇనుము మీద కనిపించిందే రాస్తారు.

ఇనుము మీది నంబరులో మధ్యనుండే 9430 (కుడి), 9431 (ఎడమ) అంకెలను పట్టుకుని వెతకండి. ముందున్న ‘సి8’ అంటే 1968 డిజైను. తర్వాతి అక్షరం ‘జెడ్’ అయితే మస్టాంగ్, ‘ఓ’ అయితే ఫెయిర్‌లేన్ వర్గం. ‘ఓ’ చూసి వదిలేయకండి, 390 ఇంజిన్ ఆ కార్లలోనూ వచ్చింది. మీ ఇంజిన్‌కు సరిపోతుందో లేదో చూసుకోవడానికి బోల్టు రంధ్రాల ఫొటో మాత్రం తప్పక అడగండి.

ఇనుము మీది పోత తేదీ (ఆ భాగాన్ని పోత పోసిన రోజు) కూడా చూడండి. 8బి12 అంటే 1968 ఫిబ్రవరి 12. కారుతో వచ్చిన అసలు భాగంలా ఉండాలంటే, అది మీ కారు తయారైన తేదీకి ముందుదై ఉండాలి. నేను ఈ ఒక్కటీ చూడకుండా కొన్నాను. కారు తయారైన నాలుగు నెలల తర్వాత పోసిన మానిఫోల్డ్ ఇంటికొచ్చింది, ఆ బాధ నాకింకా పోలేదు.

సన్నని పగుళ్లుంటే వెల్డింగ్‌తో సరిపెట్టుకుందామనుకోకండి. పోత ఇనుము వేడికి మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. పెన్సిల్వేనియాకు దగ్గరలో ఉంటే కార్లైల్ పాత విడిభాగాల సంతకు వెళ్లండి, చేత్తో తడిమి చూసి కొనవచ్చు.