పాము పొడుగెంతో తర్వాత చూద్దువు గాని

అమ్మలూ,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. అడవిలో పాడుబడ్డ గుడి, దాని కింద నేలమాళిగ, తలుపు ముందు నూటయాభై అడుగుల పాము. నీకు ఊహ ఉంది, రాయడమూ వచ్చు. కానీ ఆ పాము మాత్రం నాకు నచ్చలేదు. అది వస్తుంది, బుస కొడుతుంది, నలుగుర్ని మింగుతుంది, హీరో పొడిస్తే చచ్చిపోతుంది. దాని బదులు పులిని పెట్టినా కథ ఇలాగే నడుస్తుంది కదా. పాముని పెడితే పాము మాత్రమే చేయగలిగే పని దానికివ్వాలి. ముప్పై ఏళ్లు ఎడిటింగ్ రూముల్లో జానపదాలూ భక్తి సినిమాలూ కట్ చేసినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయంలో కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకు.

చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన లంకెబిందెల కథలు గుర్తు చేసుకో. అందులో పాము ఎవరినో కాటేయడానికి కూర్చోదు, కాపలాకి కూర్చుంటుంది. అసలు హక్కుదారు వచ్చేదాకా కదలదు, వచ్చాక తనే పక్కకి తప్పుకుంటుంది. గ్రీకుల కథల్లోనూ బంగారు ఆపిల్ చెట్టుకి, బంగారు ఉన్నికి సర్పమే కాపలా. కాబట్టి దాని పొడుగు ఎంతో తర్వాత చూద్దువు గాని, అది దేనికి కాపలా, ఎవరికి మాటిచ్చింది, ఎవరొస్తే దారి ఇస్తుంది అన్నవి ముందు తేల్చు. ఆ మూడూ తేలితే నీ నేలమాళిగ సీను కత్తి లేకుండానే నడుస్తుంది.

ఇంకొకటి. ఆదిపర్వంలో ఉదంకుడి కథ ఓసారి మళ్లీ చదువు. ఇప్పటి అడ్వెంచర్ సినిమాకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. గురుపత్ని రాణిగారి కుండలాలు కావాలంటుంది, నాలుగో రోజుకల్లా తేవాలి. తెస్తూ తెస్తూ ఆచమనం కోసం వాటిని నేల మీద పెడతాడు, వేషం మార్చుకుని వెంట వస్తున్న తక్షకుడు పట్టుకుపోతాడు. వెంటపడితే వాడు పామై కన్నంలోకి దూరతాడు, ఉదంకుడు నాగలోకం దాకా వెళ్తాడు. అక్కడ కత్తి దూయడు చూడు, నాగరాజుల్ని స్తుతిస్తాడు. దానికీ కుండలాలు రావు. చివరికి ఒక దివ్యపురుషుడు చెప్పినట్టు గుర్రం మీద ఊదితే పుట్టిన మంటలూ పొగా నాగలోకాన్ని ముంచేస్తాయి, అప్పుడు తక్షకుడే తెచ్చి ఇస్తాడు. గడువు ఉంది, దొంగ ఉన్నాడు, పాతాళం ఉంది, పైగా వాళ్ల లోకంలోకి మనం వెళ్లాం అన్న భయమూ ఉంది. నీ కథలో లేనిది సరిగ్గా అదే. నీ పాము ఎక్కడి నుంచి వచ్చిందో, దానికంటూ ఒక చోటు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

అదే తక్షకుడు పరీక్షిత్తు దగ్గరికి ఎలా వెళ్లాడో కూడా చూడు. రాజు ఒంటిస్తంభం మేడలో కూర్చున్నాడు, చుట్టూ కాపలా. తక్షకుడు పండులో చిన్న పురుగై వెళ్లాడు. చిన్నదయ్యేకొద్దీ భయం పెరిగింది! నూటయాభై అడుగులు నాకు ఎందుకు అక్కర్లేదంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

1981లో వచ్చిన ఇండియానా జోన్స్ మొదటి సినిమాలో నేలంతా పాములే. కానీ ఆ సీను పండింది పాముల లెక్క వల్ల కాదు. దేనికీ జంకని ఆ మనిషికి పామంటే హడల్ అని సినిమా మొదట్లోనే, విమానంలో ఒక పెంపుడు పాముతో చెప్పేశారు. అక్కడి నుంచి ప్రేక్షకుడు ఆ సంగతి మనసులో దాచుకుని కూర్చుంటాడు. పడగ విప్పిన నాగుపాముకీ హీరోకీ మధ్య అద్దం పెట్టి తీశారు, ఆ అద్దంలో నీడ కూడా కనిపించింది, అయినా జనం భయపడ్డారు. నీ హీరోకి ఏమంటే భయమో మొదటి పది పేజీల్లో ఎక్కడా లేదు.

గ్రాఫిక్స్ వాళ్లతో కూర్చునేటప్పుడు ఇవి గుర్తుంచుకో. పాముకి కనురెప్పలు ఉండవు, రెప్ప వేయించొద్దు. రెప్ప వేయని చూపే దాని బలం, దాన్ని ఎక్కువసేపు పట్టుకో, తొందరపడి కట్ చేయకు. బయటికి కనిపించే చెవులు ఉండవు, నేల అదురు దవడ ఎముకల గుండా దానికి తెలుస్తుంది, నాగస్వరం ముందు ఊగడం కూడా పాట వల్ల కాదు, బూర కదలిక వల్ల. నీ హీరోయిన్ పాట పాడి పాముని నిద్రపుచ్చే సీను తీసేసి, చెప్పులు విడిచి ఒక్కో అడుగూ వేస్తూ దాన్ని దాటే సీను రాయి, థియేటర్ మొత్తం ఊపిరి బిగబడుతుంది. నాలుక ఆడించేది బెదిరించడానికి కాదు, వాసన పట్టడానికి. అంటే నాలుక ఆడితే అది నిన్ను వెతుకుతోందని అర్థం, ఆ ఒక్క కదలికతో ఎంత టెన్షన్ తేవచ్చో ఆలోచించు. పాముపుట్ట పక్కన కుబుసం ఒక్కటి చూపించినా చాలు, పాము కనిపించక్కర్లేదు.

మా రోజుల్లో రబ్బరు పాము తోకకి దారం కట్టి కన్నంలోకి లాగి, ఆ ఫిల్ము ముక్కని వెనక నుంచి ముందుకి తిరగేసి వేసేవాళ్లం, తల ముందుకు పెట్టి బయటికి వస్తున్నట్టు ఉండేది. డబ్బు తక్కువైతే నువ్వూ అలాగే చెయ్యి. నిజం పాము మాత్రం వద్దమ్మా. ఒకసారి నా దగ్గరికి వచ్చిన రషెస్‌లో, అంటే ఇంకా కట్ చేయని ఫిల్ములో, ఒక నాగుపాము ఒక్క టేకులో కూడా నోరు తెరవలేదు. ఎందుకని అడిగితే కుట్టేశారని చెప్పారు. ఆ షాట్లు కట్ చేసి ఇచ్చింది నేనే, సినిమాలో బాగున్నాయన్నారు కూడా. ఆ రోజు నేను చేయనని చెప్పాల్సింది. 1972 వన్యప్రాణి చట్టం కింద నాగుపామును పట్టి ఉంచుకోవడమే నేరం, షూటింగులో ఏ జంతువుని వాడినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. ఎవరైనా మేనేజర్ వచ్చి, కోరలు తీసేసిన పాము ఉంది, చవగ్గా వస్తుంది అంటే అక్కడికక్కడే వద్దని చెప్పు.

ఇంకో డ్రాఫ్ట్ రాశాక పంపు. ఈసారి నేలమాళిగ సీను ఒక్కటే పంపినా చాలు, పాము నోరు తెరవకముందు ఏం జరుగుతుందో చదవాలని ఉంది.

పెదనాన్న