ముందు దవడ చూడు

చిరంజీవి సుధకు,

తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకల మీద పని మొదలుపెడుతున్నావని అక్కయ్య చెప్పింది. సంతోషం తల్లీ. పెట్టె తెరవగానే నీ చెయ్యి కొమ్ముల మీదికే పోతుంది. ఎవరిదైనా అంతే. వాటిని పక్కన పెట్టి దవడలు తియ్యి.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో స్టార్ కార్ అనే చోటు ఉంది. ఒకప్పటి సరస్సు ఒడ్డు. సుమారు 11,000 ఏళ్ళ కిందట వేటగాళ్ళు అక్కడ మసిలారు. నీరు నిలిచే నేల కాబట్టి ఎముకలు పాడవలేదు. 1949–51లో గ్రాహమ్ క్లార్క్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే, రెడ్ డీర్ అనే పెద్ద దుప్పి కొమ్ముతో చేసిన ముళ్ళ ములుకులే 190కి పైగా వచ్చాయి. తలకు కట్టుకునేలా కన్నాలు పెట్టిన కొమ్ముల పుర్రెలు మరో 21.

మన కృష్ణజింకకు కొమ్ములు రాలవు గానీ, దుప్పి జాతి మగవాటికి రాలి మళ్ళీ మొలుస్తాయి. రెడ్ డీర్‌కి రాలేది చలికాలం వెళ్ళాక, అంటే చలికాలమంతా పుర్రెకే ఉంటాయి. ఆ కొమ్ములను బట్టే, జనం అక్కడ ఉన్నది చలికాలంలో అని క్లార్క్ తేల్చాడు. కానీ కొమ్ము పనిముట్లకు ముడిసరుకు కదా! ఎక్కడో ఏరుకొచ్చి నెలల తరబడి దాచుకుని ఉండొచ్చు. వేట ఏ నెలలో జరిగిందో దాన్నడిగితే ఏం లాభం?

1988లో లెగ్, రోలీ-కాన్వీ అనే ఇద్దరు పరిశోధకులు అవే ఎముకలను మళ్ళీ తీసి, వయసు తెలుసుకోడానికి దవడల్లో పళ్ళు ఎంతవరకు వచ్చాయో చూశారు. రో డీర్ అనే చిన్న దుప్పికి పిల్లలు పుట్టేది మే, జూన్ నెలల్లో. ఆ దవడల్లో చాలావరకు ఏడాది వయసువి. అంటే వేట జరిగింది వేసవి మొదట్లో. నాకు ఇప్పటికీ ఇది ముచ్చటగా అనిపిస్తుంది. కొత్త తవ్వకం అక్కర్లేకుండానే చలికాలం కాస్తా వేసవి అయిపోయింది.

తర్వాత గాట్లు. దీపం పక్కనుంచి వాలుగా పడేలా పెట్టుకుని భూతద్దంతో చూడు. రాతి కత్తి గాటు సన్నగా, లోతుగా, ఎక్కువగా కీళ్ళ దగ్గర ఉంటుంది. తోడేలు పంటి గాడి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. గాయం అంచున కొత్త ఎముక పెరిగి ఉంటే, దెబ్బ తగిలినా ఆ జంతువు ఆ రోజుకి తప్పించుకుందన్నమాట. స్టార్ కార్‌లో అలా మానిన భుజం ఎముకలున్నాయి.

ముక్కల లెక్కను జంతువుల లెక్క అనుకోకు. ఎడమ దవడలు విడిగా, కుడివి విడిగా లెక్కపెట్టు, ఒక్కో జంతువుకి ఒక్కోటే కదా.

గట్టి బ్రష్‌తో రుద్దకు, నువ్వే కొత్త గాట్లు పెట్టినదానివవుతావు. కడిగే ముందు సంచి మీద, ఏ మట్టి పొరలో దొరికిందో చెప్పే పొర నంబరు ఉందో లేదో చూసుకో. లేకపోతే ఆ సంచి తవ్వినవాళ్ళకే తిప్పి పంపు, టెన్షన్ వాళ్ళే పడతారు.

ఆశీస్సులతో,
మామయ్య