తనకు తానే శిక్ష వేసుకునే ఆట

ప్రశ్న: అమెరికాలో ఆడుతున్న తెలుగు మూలాల గోల్ఫర్ సాహిత్ తీగల ఎవరూ అడగకుండానే తన మీద పెనాల్టీ వేయించుకుని పెద్ద మొత్తం వదులుకున్నాడని విన్నాను. నిజమేనా? అక్కడ రిఫరీ ఉండడా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిజమేనండీ. 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో, మూడో హోల్ (బంతిని చేర్చవలసిన గుంత) ఆడుతుండగా ఆయన బంతి బంకరులో, అంటే ఇసుక గుంటలో, పడింది. బంకరులో బంతిని కొట్టడానికి క్లబ్‌ను (గోల్ఫ్ కర్రను) వెనక్కి తీసేటప్పుడు అది ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. బంతిని కొట్టే ఒక్కో దెబ్బా ఒక స్ట్రోకు, తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాడే విజేత. క్లబ్ వెనక్కి వెళ్తున్నప్పుడు కొంచెం ఇసుక కదిలిందని తీగలకు అనిపించింది. ఎవరో వేలెత్తి చూపేదాకా ఆగకుండా తానే రూల్స్ అధికారిని పిలిపించి జరిగింది చెప్పాడు. రెండు స్ట్రోకులు ఆయన స్కోరులో చేరాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ టోర్నీలో స్కాటీ షెఫ్లర్ గెలిచాడు, కాలిన్ మొరికావా రెండో స్థానంలోనూ, అతనికి సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో తీగల మూడో స్థానంలోనూ నిలిచారు. రెండో స్థానానికి కోటి 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. మిగతా ఆటంతా అలాగే సాగి, ఆ పెనాల్టీ ఒక్కటీ లేకపోయి ఉంటే, ఇద్దరూ రెండో స్థానాన్ని పంచుకుని చెరి కోటి డాలర్లు తీసుకునేవారు. అంటే కొద్దిపాటి ఇసుక విలువ 25 లక్షల డాలర్లు. హైదరాబాదు నుంచి వలస వెళ్లిన దంపతుల కొడుకు ఇలా చేశాడంటే తెలుగువారిగా మనం గర్వపడటంలో తప్పేమీ లేదు.

పెద్ద టోర్నీల్లో రూల్స్ అధికారులు ఉంటారు. అయితే 18 హోళ్ల మైదానమంతా ఒకేసారి ఆట సాగుతున్నప్పుడు ప్రతి బంతి పక్కనా ఒకరు నిలబడటం సాధ్యం కాదు. అందుకే తన తప్పును తానే ప్రకటించే బాధ్యతను నియమావళి ఆటగాడికే అప్పగించింది. 1925 యు.ఎస్. ఓపెన్ టోర్నీలో అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్ గడ్డిలో బంతి కొట్టబోతుండగా అది కాస్త కదిలింది. తాను తప్ప ఎవరూ చూడకపోయినా ఆయన ఒక స్ట్రోకు పెనాల్టీ వేసుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో స్కోరు సమమై, విజేతను తేల్చేందుకు ఆడించే ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోకూ లేకుంటే ప్లేఆఫ్ అవసరమే ఉండేది కాదు. మెచ్చుకున్నవారితో ఆయన, బ్యాంకు దోచుకోనందుకు కూడా నన్ను పొగుడుతారా అన్న అర్థంలో మాట్లాడాడు.

ప్రశ్న: ప్రతి షాటూ టీవీలో కనిపిస్తున్న ఈ రోజుల్లో కూడా స్కోర్‌కార్డ్ మీద ఒక అంకె తప్పుపడితే ఆటగాణ్ని పంపించేయడం న్యాయమా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నా దృష్టిలో న్యాయం కాదు. ముందు నియమం చెబుతాను. మన స్కోరు మనం కాకుండా తోటి ఆటగాడు రాస్తాడు. రౌండు ముగిశాక మనం సరిచూసుకుని సంతకం పెట్టి ఇవ్వాలి. ఏదైనా హోల్‌లో అసలు కంటే ఎక్కువ స్కోరు పడి ఉంటే అదే ఖాయమవుతుంది, తక్కువ పడి ఉంటే ఆటగాడు అనర్హుడవుతాడు.

మొదటి దానికి బలైనవాడు అర్జెంటీనా ఆటగాడు రొబెర్టో డి విసెంజో. 1968 మాస్టర్స్ టోర్నీ చివరి రౌండులో, తన 45వ పుట్టినరోజున, ఆయన 17వ హోల్‌ను మూడు స్ట్రోకుల్లో ముగించాడు. జనమంతా చూశారు. తోటి ఆటగాడు టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు, డి విసెంజో గమనించకుండా సంతకం పెట్టాడు. 65 కాస్తా 66 అయి, బాబ్ గోల్బీతో ఆడవలసిన ప్లేఆఫ్ చేజారింది. అయిదేళ్ల తర్వాత, 1973లో, అదే ఆరన్ మాస్టర్స్ గెలిచాడు. ఆ చివరి రౌండులో తన కార్డు మీద తోటి ఆటగాడు ఒక స్ట్రోకు ఎక్కువ రాసిన సంగతి పట్టుకుని సరిచేయించాకే ఆయన సంతకం పెట్టాడు.

రెండో దానికి 2024 ఫిబ్రవరి నాటి ఉదాహరణ ఉంది. లాస్ ఏంజలెస్‌లోని రివియెరా కోర్సులో జోర్డాన్ స్పీత్ నాలుగో హోల్‌లో నాలుగు కొట్టి, మూడు అని ఉన్న కార్డు మీద సంతకం చేసి టోర్నీకే దూరమయ్యాడు.

తన తప్పును దాచడం వేరు, రాతలో పొరపాటు పడటం వేరు. మొదటిదానికి ఎంత కఠినమైన శిక్ష అయినా తక్కువే. రెండోదానిలో, అసలు స్కోరు అధికారుల కళ్లముందే ఉన్నప్పుడు, ఒకటి రెండు స్ట్రోకుల పెనాల్టీతో కార్డు దిద్దితే సరిపోతుంది. అయితే కార్డునే ఎత్తేయాలనే వాదనను నేను ఒప్పుకోను. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో క్లబ్ పోటీ ఆడేవారి వెంట కెమెరాలు తిరగవు కదా, వారికి ఉన్న సాక్ష్యం ఆ కాగితమూ రెండు సంతకాలే.

ప్రశ్న: మరి టీవీలో చూసి ప్రేక్షకులే తప్పులు పట్టిస్తే ఆటకు మంచిది కాదా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాదు. 2017లో కాలిఫోర్నియాలో జరిగిన మహిళల టోర్నీ ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్‌లో అదే జరిగింది. లెక్సీ థాంప్సన్ శనివారం 17వ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద, అడుగు దూరపు పట్ (బంతిని నేల మీదే దొర్లించే షాటు) కోసం, గుర్తు పెట్టి తీసిన బంతిని తిరిగి కొంచెం పక్కగా పెట్టింది. ఒక ప్రేక్షకుడు మరుసటి రోజు ఈమెయిల్ పంపాడు. చివరి రౌండు మధ్యలో, ఆధిక్యంలో ఉన్న ఆమెకు నాలుగు స్ట్రోకుల పెనాల్టీ విధించారు: బంతిని తప్పుచోట పెట్టినందుకు రెండు, దాంతో తప్పయిన కార్డు మీద సంతకం చేసినందుకు మరో రెండు (పెనాల్టీ సంగతి అప్పటికి ఆమెకు తెలియదు కనుక అనర్హత వేయలేదు). ఆమె కన్నీళ్లతో ఆడి, ప్లేఆఫ్‌లో సో యోన్ ర్యూ చేతిలో ఓడింది. ఆధిక్యంలో ఉన్నవారి మీదే కెమెరాలు ఎక్కువసేపు నిలుస్తాయి కనుక, వెనకబడినవారికి లేని నిఘా వారికి మాత్రమే ఉంటుంది. ప్రేక్షకుల ఫిర్యాదులను 2018 నుంచి పెద్ద టూర్‌లు (వృత్తి ఆటగాళ్ల టోర్నీలు నడిపే సంస్థలు) స్వీకరించడం మానేశాయి. ఆటగాడికి తెలియని పెనాల్టీ వల్ల కార్డు తప్పయితే వేసే అదనపు రెండు స్ట్రోకులూ అప్పుడే పోయాయి.

ప్రశ్న: గోల్ఫ్ నియమాలన్నింటిలో మీకు విచిత్రంగా అనిపించింది ఏది?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: 1940లో జర్మన్ విమానాలు బాంబులు వేస్తున్న రోజుల్లో లండన్ దగ్గరి రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ రాసుకున్న తాత్కాలిక నియమాలు. శత్రువు వల్ల బంతి కదిలితే తిరిగి పెట్టుకోవచ్చు, పెనాల్టీ లేదు. కానీ సరిగ్గా కొడుతున్న క్షణంలో బాంబు పేలి షాటు చెడితే, అక్కడి నుంచే మరో బంతి కొట్టవచ్చు గానీ, ఒక స్ట్రోకు పెనాల్టీ మాత్రం తప్పదు.