గేమ్ బాగుందో లేదో చెప్పేముందు

నల్లగొండ,
అక్టోబర్ 2025

చిన్నీ,

దసరా నాడు నువ్వు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కినప్పుడు, ఆశీర్వాదం తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. ఇంటినిండా చుట్టాలు. మీ అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "తమ్ముడూ, ఇది ఆదివారాలు వీడియో గేములు ఆడి, వాటి గురించి వీడియోలు పెడతదట. నువ్వన్నా చెప్పరాదు" అంది. నేను వద్దని చెప్తానని అక్క ఆశ. మిర్యాలగూడ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. సంతోషంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు.

నేను వద్దని చెప్పను. పదేళ్లు గడియారం సెంటర్ పక్క సందులో గేముల షాపు నడిపినవాణ్ని. "అన్నా, కొత్త గేమ్ ఎట్లుంది?" అన్న ప్రశ్నకు రోజూ పదులసార్లు జవాబు చెప్పాను. ఆ జవాబులో ఎంత తప్పు దొర్లుతుందో తెలుసు కాబట్టే ఇంత రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "సరే మామా, సరే" అని పెట్టేస్తావు.

ముందు చిన్న చిన్న సంగతులు. కెమెరా తర్వాత చూసుకో, మంచి మైకు కొనుక్కో. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపు. ధర ఎంతో, పూర్తి చేయడానికి ఎన్ని గంటలు పడుతుందో మొదట్లోనే చెప్పు. మనవాళ్లు చాలామంది జీతం రాళ్లు చూసుకుని కొంటారు. ఉద్యోగం మాత్రం మానకు. రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున ఆఫీసుకు ఊగుతూ పోవద్దు, నీ కళ్ల కింద నలుపు నేను చూశాను.

ఏ మెషిన్ మీద ఆడావో కూడా చెప్పు. ఇది చిన్న విషయం అనుకోకు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 గేమ్ వచ్చినప్పుడు ఏమైందో నీకు తెలుసు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే. వాళ్లు ఆడారు, మెచ్చుకున్నారు. ఆ మాట నమ్మి సోనీ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) మెషిన్ మీద కొన్నవాళ్లకు బొమ్మ ఆగిపోవడం, గేమ్ మధ్యలో మూసుకుపోవడం. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ సమీక్షలు రాసినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు బిడ్డా. వాళ్లు ఆడిన గేమ్ వేరు, జనం ఇంట్లో నడిచిన గేమ్ వేరు. ఎప్పుడు ఆడావో కూడా చెప్పు. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ 2016లో వచ్చినప్పుడు చెప్పినవన్నీ ఏవని జనం తిట్టిపోశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇచ్చి దాన్ని నిలబెట్టుకున్నారు. మొదటివారం చెప్పిన మాటా నిజమే, ఇవాళ చెప్పే మాటా నిజమే, తేదీ ఉంటే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

షాపులో నేను ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను, గుర్తుందా? గోడకు మేకు కొట్టి, సుతిలి తాడుతో వేలాడదీశాను. కొత్త గేమ్ వస్తే దాని పేరు, పక్కన నా అభిప్రాయం, పదికి మార్కులు. పీఎస్2 మీద గంటకు 20 రూపాయలు తీసుకునేవాణ్ని. పోరలు ఆ 20 రూపాయలు చేతిలో పట్టుకుని, ముందు ఆ బుక్కు చదివి, తర్వాత గేమ్ అడిగేవాళ్లు. నాకు ఆ బుక్కు అంటే ఎంత గర్వమో! వైస్ సిటీకి తొమ్మిదిన్నర వేశాను. ముస్తఫాకు పదికి పది.

షాడో ఆఫ్ ద కొలొసస్ అనే గేమ్ 2005లో వచ్చింది. మా షాపుకు వచ్చేసరికి మరుసటి ఏడాది అయింది. ఒక మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉంటే పెట్టుకున్నాను. ఒక కుర్రాడు, ఒక గుర్రం, కనుచూపు మేర ఖాళీ నేల. సంగీతం కూడా లేదు, గుర్రం డెక్కల చప్పుడు, గాలి. కొట్టడానికి దారిలో ఒక్క శత్రువు లేడు. ఇరవై నిమిషాలు చూశాను. ఇంతలో ముగ్గురు పిల్లలు వచ్చి క్రికెట్ పెట్టమన్నారు. తీసేసి బుక్కులో రాశాను: "ఖాళీ జాగల గుర్రం మీద తిరుగుడే. పైసలు దండగ. 2 మార్కులు."

చండూరు వైపు ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లాడొకడు ఉండేవాడు. ఆదివారం ఒక్కరోజు వచ్చేవాడు, ఒక గంట ఆడేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను రాసింది చూడకముందే ఆ గేమ్ మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం అదే. ఆ గేములో కొండంత ఆకారాలు 16 ఉంటాయి, ఒక్కొక్కదాని ఒంటి మీదికి బొచ్చు పట్టుకుని ఎక్కాలి. ఆర్1 బటన్ వదిలితే కింద పడతావు. అది ఒళ్లు విదిలిస్తుంటే పిల్లాడు బటన్ గట్టిగా నొక్కి పట్టేవాడు, చూపుడు వేలి గోరు తెల్లగా అయిపోయేది. గంట అయిపోయిందని నేను చెప్తే, వేలు తీసి, చెయ్యి రెండుసార్లు దులుపుకుని లేచి వెళ్లేవాడు. అట్లా తొమ్మిది కూల్చాడు.

ఒక ఆదివారం పట్నం పోరలు నలుగురు బుక్కు చదివి, వాడి టీవీ వెనక నిలబడ్డారు. "రెండు మార్కుల గేమ్ ఆడుతున్నవారా? అన్న ఏం రాసిండో చూడలేదా?" అని. వాడికి 'గుర్రంపోడు' అని పేరు పెట్టారు. అది మా దిక్కు ఒక ఊరి పేరు, వాడిది ఆ ఊరు కూడా కాదు. పిల్లాడు లేచి బుక్కు దగ్గరికి వెళ్లి నేను రాసింది చదివాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం వచ్చి క్రికెట్ పెట్టమన్నాడు. ఆ తర్వాత నెలకోసారి, ఆ తర్వాత రాలేదు.

నేను ఇంకో పని కూడా చేశాను. పీఎస్2 మెమరీ కార్డు 8 ఎంబీలే కదా, ఎప్పుడూ నిండిపోయేది. ఎవరూ ఆడనిది ఎందుకులే అని, వాడు అప్పటిదాకా ఆడింది దాచిపెట్టిన సేవ్ చెరిపేశాను. తొమ్మిది ఆదివారాలు, ఒక్క బటన్.

ఆ ఏడు వానాకాలంలో ఒక రాత్రి షాపు మూసి లోపలే ఉండిపోయాను, వాన తగ్గట్లేదు. ఏదో ఒకటి ఆడదామని ఆ డిస్కు పెట్టాను. కత్తిని ఎండలోకి ఎత్తి పట్టుకుంటే వెలుగంతా ఒకచోటికి చేరి దారి చూపిస్తుందని అప్పుడు తెలిసింది. తెల్లారేదాకా ఆడాను. వారం రోజులు రాత్రిళ్లు ఆడి పూర్తి చేశాను. చివర్లో ఏమవుతుందో నీకు చెప్పను, నువ్వు ఆడలేదు కాబట్టి. ఆ ఖాళీ నేల ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం తెలిసింది. ఆ పదహారేళ్ల పిల్లాడికి అది నాకంటే ముందే తెలిసింది. చెప్పుకునేందుకు వాడికి మనిషి లేడు. ఉన్న ఒక్క మనిషినీ నేనే, నేను గోడ మీద రెండు మార్కులు వేలాడదీశాను.

బుక్కులో ఆ లైను కింద మళ్లీ రాశాను: "ఇరవై నిమిషాలు ఆడి రాసిన. తప్పు. పూర్తిగా ఆడిన తర్వాత ఇది నేను ఆడినవాటిల్లో మంచి గేమ్." హాస్టల్ దగ్గరికి వెళ్లి అడిగితే ఇంటర్ అయిపోయి వెళ్లిపోయాడన్నారు. వాడి పేరు పూర్తిగా కూడా తెలియదు నాకు.

కాబట్టి బిడ్డా, ఎంతసేపు ఆడావో ముందే చెప్పు. పది గంటలైతే పది గంటలని చెప్పు. పూర్తి చేయకుండా వదిలేస్తే ఎక్కడ వదిలేశావో, ఎందుకు వదిలేశావో చెప్పు, అది కూడా పనికొచ్చే మాటే. మార్కులు వేయకు. వేసేదాకా వదలరు, అయినా వేయకు. నీకు నచ్చనిది నచ్చలేదని గట్టిగా చెప్పు, కానీ దాన్ని ఇష్టపడి ఆడుతున్న పిల్లో పిల్లాడో ఎక్కడో ఒక మూల కూర్చుని వింటున్నాడని గుర్తుంచుకుని చెప్పు.

నీ మీద నాకు నమ్మకం ఎప్పుడు కలిగిందో చెప్పనా? ఆ దసరా రాత్రి డాబా మీద. ఫ్రాన్సు వాళ్లు చేసిన ఎక్స్‌పెడిషన్ 33 గేమ్ గురించి చెప్పావు. ఏటా ఒక అంకె రాసే మనిషి, ఆ వయసు వాళ్లు మాయమైపోవడం, 33 ఏళ్లవాళ్ల వంతు రావడం. అది ఎవరైనా చెప్తారు. నువ్వు మొదటి ఘట్టం చెప్తూ, "పోయేటోళ్లు మెడల పూలేసుకుని నీళ్ల ఒడ్డుకు పోతరు మామా. మన సద్దుల బతుకమ్మ నాడు పూలు మోసుకుని చెరువు కట్టకు పోయినట్టే అనిపించింది, సాగనంపుతున్నట్టు" అన్నావు. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఈ మాట ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్ల దగ్గర దొరకదు. వాళ్లు చెప్పినదాన్ని తెలుగులోకి తిప్పి చెప్పడానికైతే నువ్వక్కర్లేదు. చెరువు కట్ట మీద నిలబడ్డ పిల్లగా చెప్పు.

అట్లాగే చైనా కోతి వీరుడి గేమ్ బ్లాక్ మిత్ వుకాంగ్ గురించి మాట్లాడతానన్నావు. ఆ కోతి కథకు మూలమైన బౌద్ధ సన్యాసి యాత్ర మన దేశానికే. ఆ సన్యాసి హ్యుయాన్‌త్సాంగ్ నిజంగానే ఏడో శతాబ్దంలో వచ్చాడు, ధాన్యకటకం దాకా వచ్చాడు. అంటే ఇప్పటి అమరావతి, మన కృష్ణ ఒడ్డునే. హనుమంతుడిలా ఉన్నాడని ఒక్క ముక్కతో వదిలేయకుండా ఇది కూడా చెప్పు.

ఇక నా అసలు భయం. నిన్ను వెయ్యి మంది వింటున్నారని తెలియగానే మెసేజ్ వస్తుంది. "మేడమ్, మా యాప్ గురించి ముప్పై సెకన్లు చెప్పండి, ఇంత ఇస్తాం" అని. రమ్మీ అంటారు, క్రికెట్ అంటారు, కలర్ అంటారు. అన్నీ జూదమే. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పేకాటను 2017లోనే నిషేధించారు. ఈ ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంలో పైసలు పెట్టి ఆడే గేములకు ప్రచారం చేసినవాళ్లకు కూడా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి పక్కనపెట్టు. నా షాపులో పదిహేనేళ్ల వయసులో రోడ్ రాష్ ఆడి నవ్విన పిల్లాడు, పెళ్లయి ఇద్దరు పిల్లలయ్యాక ఫోన్‌లో రమ్మీ ఆడి వాళ్ల నాయన రెండెకరాలు అమ్మించాడు. ఆ ముసలాయన నా ఇంటికి వచ్చి, "నీ దగ్గరే నేర్చుకున్నడు గేములు" అన్నాడు. నేను నేర్పింది అది కాదని చెప్పే ధైర్యం రాలేదు. మంచినీళ్లు ఇచ్చి పంపాను. నువ్వు అట్లాంటి పైసలు ఒక్క రూపాయి ముట్టినా నాతో మాట్లాడకు. ఇది కోపంతో రాసిన మాటే, కొట్టేయను.

గేమ్ కంపెనీ వాళ్లు ఉచితంగా పంపితే తీసుకో, కానీ ఉచితంగా వచ్చిందని మొదటి మాటగా చెప్పు.

ఆడపిల్లవని కింద రాసే చెత్త ఉంటుంది. చదవకు. రాత్రిపూట అసలు చదవకు. ఉండే ఇల్లు, ఆఫీసు, బస్సు దిగే స్టాపు వీడియోలో కనపడనివ్వకు. మరీ మితిమీరితే నువ్వొక్కదానివే మోయకుండా నాకు ఫోన్ చెయ్, షీ టీమ్స్ పోలీసుల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. పదేళ్లలో నా షాపులో కూర్చుని ఆడిన ఆడపిల్ల లేదు, నువ్వు తప్ప. నాలుగేళ్లదానివి, కౌంటర్ మీద కాళ్లు ఊపుకుంటూ, ఎవరేం ఆడినా నాకు అరిచి చెప్పేదానివి. "మామా, దుంకిండు! మామా, సచ్చిండు! మళ్ల లేసిండు!" నేను లెక్క రాసుకుంటూ తల ఎత్తకుండానే ఆట మొత్తం చూసేవాణ్ని. నువ్వు ఇప్పుడు చేస్తానంటున్నది ఆ పనే. మీ అమ్మకు అట్లాగే చెప్తాను.

సంక్రాంతికి నల్లగొండ రా. అటక మీద పీఎస్2 ఇంకా ఉంది, కిందటి నెల దుమ్ము దులిపి చూశాను, నడుస్తోంది. ఆ డిస్కు కూడా ఉంది. 2018లో దాన్ని పీఎస్4 కోసం మళ్లీ చేశారట, నువ్వు మాత్రం పాతదే ఆడు. మెమరీ కార్డులో నా ఆట ఉంటుంది, దాని జోలికి వెళ్లకు. కొత్తగా మొదలుపెట్టు, జాగా ఉంచాను.

మీ మామ